మీవారి వ్యాను క్యాబిన్‌కి మన వంటింటి వైద్యం

వంటల పేజీ పక్కన ఈ వ్యాను గొడవేమిటని ముక్కున వేలేసుకోకండి. మనలో ఎంతమంది ఇళ్ళు ఈ చిన్న సరుకు బళ్ళ మీద నడవడం లేదు చెప్పండి! కూరగాయలు, కోళ్ళ మేత, పాల క్యాన్లు, పెళ్ళి సామాను, అన్నీ మోసేవి అవే. వాయిదాలు కట్టేది మనం, బండికి దిష్టి తీసేది మనం, టైర్లకు నిమ్మకాయలు పెట్టేది మనం. కానీ ఆ బండి క్యాబిన్‌లో ఒక్క మధ్యాహ్నం కూర్చుని చూసిన ఇల్లాళ్ళం ఎంతమందిమి? నేనూ చూడలేదు. మొన్నటి మే నెల దాకా.

మా తోడికోడలిది కడియం దగ్గర. మా మరిది పికప్ వ్యాను నడుపుతాడు. నర్సరీల నుంచి మొక్కలు ఎక్కించుకుని ఒకసారి హైదరాబాదు, ఒకసారి విశాఖపట్నం. బండి పాతదే, ఏసీ లేదు. సెలవులకి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మా తోడికోడలు నన్ను పెరట్లోకి పిలిచి, "అక్కా, మీ మరిదికి చెవుడు వస్తోందేమోనని భయంగా ఉంది" అంది. టీవీ పెద్దగా పెట్టమంటున్నాడట. ఫోనులో ప్రతి మాటకీ "ఆఁ? ఆఁ?" అంటున్నాడట. రాత్రి పడుకుంటే చెవిలో గుయ్యిమంటోందట. అన్నిటికంటే ఆమె మనసుకి కష్టమనిపించింది ఏమిటంటే, ఏడేళ్ళ పిల్ల వెనక నుంచి "నాన్నా, నాన్నా" అని రెండుసార్లు పిలిచి, ఈయన తిరక్కపోతే అలిగి వెళ్ళిపోయిందట. ఈయనకు తెలియనే తెలియదు.

మర్నాడు రాజమండ్రి దాకా వ్యానులోనే వెళ్ళాను. పట్టుమని అరగంట. పైన రేకు పెనంలా కాలుతోంది. కాళ్ళ కింద ఇంజను వేడి. గేరు రాడ్డు దగ్గర నుంచి వేడిగాలి నా పాదాల మీదికి కొడుతోంది. ఇక చప్పుడంటారా, మిక్సీ పక్కన కూర్చుని ఊరంతా తిరిగినట్టుంది. దిగాక కూడా చాలాసేపు చెవులు దిబ్బళ్ళు వేసినట్టే ఉన్నాయి. అరగంటకే నాకిలా ఉంటే, రోజూ పది గంటలు కూర్చునే మనిషి సంగతేమిటి?

పోనీ ఏసీ బండి కొనుక్కోమందామా అంటే అది మన చేతిలో ఉన్న పని కాదు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే సరుకు లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి అని కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చిన మాట నిజమే. కానీ అది లోడుతో కలిపి మూడున్నర టన్నులు దాటిన బళ్ళకు. మన చిన్న పికప్‌లు ఆ లెక్కలోకి రావు. పాత బళ్ళ ఊసే లేదు. కాబట్టి మన తిప్పలు మనమే పడాలి.

ముందు ఈ చప్పుడు లెక్క కాస్త తెలుసుకుందాం. శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. మనం మామూలుగా మాట్లాడుకునే మాట 60 దగ్గర ఉంటుంది. మిక్సీ 85, ఆపైన. అమెరికాలో పనివాళ్ళ ఆరోగ్యం చూసే నియోష్ అనే ప్రభుత్వ సంస్థ, 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకి ఎనిమిది గంటలు మించి ఉండొద్దని చెబుతుంది. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ గంటలు సగమైపోతాయి. 88 అయితే నాలుగు గంటలు. 91 అయితే రెండే. ఇదే లెక్క తిప్పి చూసుకోండి. క్యాబిన్‌లో చప్పుడు 3 డెసిబెల్స్ తగ్గించగలిగితే మీవారి చెవి మీద పడే భారం సగానికి దిగుతుంది. అంటే బండిని గుడిలా నిశ్శబ్దం చెయ్యక్కర్లేదు. అది మన డబ్బుతో అయ్యేది కూడా కాదు. కాస్త తగ్గించినా బోలెడు మేలు. పోయిన వినికిడి తిరిగి రాదు కనుక ఆ కాస్తా ముందే తగ్గించాలి.

ఎలా తగ్గించాలి అంటారా? దానికి మెకానిక్కు చదువేం అక్కర్లేదు. మన వంటింట్లోనే మూడు పాఠాలున్నాయి.

మొదటిది కుక్కరు గాస్కెట్టు. రబ్బరు పాడైతే ఎంత మంట పెట్టినా ఆవిరి పక్కనుంచి పోతుంది. చప్పుడూ వేడీ కూడా అంతే, చిన్న సందు దొరికితే చాలు దూరిపోతాయి. సందులు మూయకుండా ఎంత ఖరీదైన షీట్లు అంటించినా డబ్బు దండగే.

రెండోది చపాతీ పిండి. ఒక స్టీలు పళ్ళెం అంచు పట్టుకుని గరిటెతో కొట్టండి, ఖంగుమంటుంది. ఇప్పుడు పళ్ళెం మధ్యలో గుప్పెడు చపాతీ పిండి గట్టిగా అదిమి మళ్ళీ కొట్టండి. టప్ అని ఊరుకుంటుంది! బండి తలుపూ, పైకప్పూ పెద్ద పెద్ద స్టీలు పళ్ళేలే. ఇంజను అదురుకి అవి మోగుతుంటాయి. పిండి ముద్దలా పట్టుకునేది ఏదైనా అంటిస్తే మోగడం మానేస్తాయి. పళ్ళెం నిండా పిండి పరచలేదు, గమనించారా? మధ్యలో ముద్ద చాలింది. రేకుకి కూడా మూడోవంతు కప్పితే సరిపోతుంది. మన డబ్బు మిగిలేది ఇక్కడే.

మూడోది హాట్‌ప్యాక్. అందులో అన్నం వేడిగా ఉండేది రెండు గోడల మధ్య కదలని గాలి ఉండటం వల్ల. స్టీలులో వేడి ఎంత త్వరగా పాకుతుందో, కదలని గాలిలో అంత నెమ్మది. ఫోమ్ అంటే గాలిని చిన్న చిన్న గదుల్లో బంధించి ఉంచేదే. లోపలి వేడి బయటికి పోకుండా ఆపేది, బయటి వేడి లోపలికి రాకుండా కూడా ఆపుతుంది.

ఇక పనిలోకి దిగుదాం. ఒక్క రూపాయి ఖర్చు పెట్టే ముందు బండిని మెకానిక్కుకి చూపించండి. సైలెన్సరు ఎక్కడైనా కారుతోందా, ఇంజను కింది రబ్బర్లు అరిగాయా అని అడగండి. ఇది చప్పుడు కోసమే కాదు. పొగ క్యాబిన్‌లోకి వస్తుంటే అందులో వాసన లేని విషవాయువు ఉంటుంది. సందులన్నీ మూసిన క్యాబిన్‌లో అది ప్రాణానికే ముప్పు. ఈ పని అయ్యాకే మిగతావి.

తర్వాత సందులు వెతకాలి. రాత్రిపూట మీరు క్యాబిన్‌లో తలుపులు మూసుకుని కూర్చోండి. బయట నుంచి పిల్లల చేత తలుపు అంచుల చుట్టూ, అడుగు భాగాన టార్చిలైటు వేయించండి. వెలుతురు ఎక్కడ కనిపిస్తే అక్కడ సందు ఉన్నట్టు. ఇంకో పద్ధతి, తలుపు మధ్యలో పాత పేపరు ముక్క పెట్టి మూసి లాగండి. గట్టిగా పట్టుకుంటే రబ్బరు బాగున్నట్టు, సులువుగా జారి వస్తే రబ్బరు చచ్చినట్టు. మా మరిది బండిలో కుడి తలుపు కింద వేలు పట్టేంత వెలుతురు కనిపించింది! గేరు రాడ్డు దగ్గరి రబ్బరు బూటు చిరిగి నోరు తెరుచుకుని ఉంది. నా పాదాలు కాల్చింది అదే. ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య రేకులో వైర్లు దూరే చోట రబ్బరు బిళ్ళలు రెండు ఊడిపోయాయి. ఇవన్నీ మార్చాం. తలుపులకు కొత్త రబ్బరు బీడింగు వేశాం. సగం తేడా అప్పుడే తెలిసింది. మీ దగ్గర డబ్బు ఇంతే ఉంటే ఇక్కడితో ఆపినా నష్టం లేదు.

ఆ తర్వాత రేకులకు ముద్ద అంటించే పని. కార్ల సామాను కొట్లో బ్యూటైల్ రబ్బరు షీట్లు దొరుకుతాయి. డ్యాంపింగ్ షీట్లు అని అడగండి. ఒక వైపు జిగురు, ఒక వైపు వెండి రేకు ఉంటుంది. చవకగా వస్తుందని డాబాల మీద పగుళ్ళకు అంటించే తారు టేపు తెచ్చుకోకండి. మన ఎండలకు తారు మెత్తబడి కారుతుంది, క్యాబిన్ అంతా వాసన. కొనే ముందు ముక్క వాసన చూస్తే తారో కాదో ఇట్టే తెలిసిపోతుంది.

పైకప్పు అట్ట, తలుపుల లోపలి అట్టలు స్క్రూలు, క్లిప్పుల మీద ఉంటాయి. వాటిని మీవారి చేతే విప్పించండి, క్లిప్పులు విరగ్గొట్టిన మాట మనకు రాకుండా ఉంటుంది. స్క్రూలు ఏ భాగానివి ఆ భాగానికి వేరు వేరు గిన్నెల్లో వేసి ఉంచండి. రేకుని సబ్బు నీళ్ళ గుడ్డతో తుడిచి, ఆరాక స్పిరిట్‌తో మళ్ళీ తుడవాలి. దుమ్ము, జిడ్డు ఉంటే షీటు నాలుగు రోజుల్లో ఊడి నెత్తిన పడుతుంది. ఎక్కడ అంటించాలో తెలియాలంటే వేలితో కొట్టి చూడండి. డబడబమన్న చోట అంటించాలి. గట్టిగా ఠక్కుమన్న చోట అక్కర్లేదు. షీటుని కత్తిరించేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, ఆ రేకు అంచు బ్లేడులా కోస్తుంది. అంటించాక గాలి బుడగ లేకుండా రుద్దాలి. దానికి కొట్టువాడు రోలరు అమ్మజూపాడు. పాత చపాతీ కర్ర ఉండగా మనకు అదెందుకండీ!

దాని మీద ఫోమ్. రేకుల షెడ్ల కింద వేసే వెండి రంగు ఫోమ్ షీటు మీరు చూసే ఉంటారు. ఎక్స్‌ఎల్‌పీఈ ఫోమ్ అంటారు. పది మిల్లీమీటర్ల మందం చాలు. అది నీళ్ళు పీల్చదు, అందుకే మంచిది. పైకప్పుకీ, తలుపులకీ, నేలకీ అదే వాడాం. వెండి వైపు బయటికి కనిపించేలా, దానికీ కప్పు అట్టకీ మధ్య వేలెడు ఖాళీ ఉండేలా చూసుకోండి. ఆ మెరుపు వేడిని ఆపాలంటే ఎదురుగా గాలి ఉండాలి. రెండు వైపులా అతుక్కుని ఉంటే మెరుపు వల్ల లాభం లేదు. సీటు వెనక గోడకి మాత్రం ఫెల్టు అంటించాం, అది చప్పుడుని బాగా పీల్చుకుంటుంది. నేల మీద ఫెల్టు వద్దు. వానాకాలం బూట్ల నీళ్ళు పీల్చుకుని కింద రేకుని తుప్పు పట్టిస్తుంది. నేలకి ఫోమ్, దాని మీద బరువైన రబ్బరు మ్యాటు. బరువు ఎంత ఉంటే చప్పుడు అంత ఆగుతుంది.

ఇప్పుడు వద్దన్న పనులు చెబుతాను, ఇవి మరీ ముఖ్యం. ఇంట్లో పడి ఉన్నాయి కదా అని పాత బొంతలు, గోనె సంచులు, థర్మోకోలు కుక్కకండి. మొదటి రెండూ తడిసి కుళ్ళుతాయి, మూడోది నిప్పు తగిలితే భగ్గుమంటుంది. కొన్న ఫోమ్‌ని కూడా పరీక్షించండి. గోరంత ముక్కని ఆరుబయట పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల వెలిగించి చూడండి. పుల్ల తీసేయగానే ఆరిపోతే పరవాలేదు. మండుతూ బొట్లు కారుతుంటే తిరిగి ఇచ్చెయ్యండి. ఇంజను పక్కన, సైలెన్సరు గొట్టం దగ్గర ఏదీ అంటించకండి. కొన్ని చిన్న బళ్ళలో ఇంజను సీటు కిందే ఉంటుంది, అలాంటి వాటికి సీటు కింద పని మెకానిక్కే చెయ్యాలి. తలుపు అడుగున వాన నీళ్ళు పోయే చిల్లులుంటాయి, అవి మూస్తే తలుపు లోపలే తుప్పు. కిటికీ అద్దం దిగే దారిలో ఫోమ్ అడ్డు రాకూడదు. మ్యాటు అంచు బ్రేకు, క్లచ్చి, యాక్సిలరేటరు పెడల్స్‌కి తగలనే తగలకూడదు. అంటించాక మూడూ తొక్కి చూడాలి. జిగురు పని తలుపులు తీసి పెట్టుకుని చెయ్యండి, ఆ దగ్గర్లో బీడీ, సిగరెట్టు, స్టవ్వు ఏవీ ఉండకూడదు. అద్దాలకు నల్ల ఫిలిం జోలికి పోకండి. 2012లో సుప్రీంకోర్టు వాటి మీద తీర్పు ఇచ్చాక రోడ్ల మీద ఆపి మరీ పీకించారు. బండి ఆగి ఉన్నప్పుడు ముందు అద్దానికి వెండి రంగు అట్ట అడ్డం పెట్టుకుంటే చాలు.

ఖర్చు లెక్క అడుగుతారని తెలుసు, రాసి పెట్టాను. బ్యూటైల్ షీటు పదహారు చదరపు అడుగులు 1600 రూపాయలు. ఫోమ్ యాభై చదరపు అడుగులు 1000. ఫెల్టు 600. తలుపు బీడింగు, గేరు బూటు, రబ్బరు బిళ్ళలు కలిపి 500. రబ్బరు మ్యాటు 800. జిగురు, వెండి టేపు 400. మొత్తం 4900. మీ ఊరినీ, కొట్టునీ బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. ఒకేసారి అంత తియ్యలేకపోతే ఈ వరసలో చెయ్యండి: ముందు సందులు, తర్వాత పైకప్పు, ఆ తర్వాత నేల, చివరికి తలుపులు, వెనక గోడ. నెలకొకటి చేసినా వానాకాలం లోపు అయిపోతుంది.

మా మరిది మొదట ఒకటే వేళాకోళం. "ఏం వదినా, బండికి పరుపు, దిండు కూడా కుడతారా?" అన్నాడు. రెండు ఆదివారాలు పట్టింది. విప్పడం, బిగించడం ఆయన. కొలవడం, కత్తిరించడం, అంటించడం నేనూ మా తోడికోడలూ. జాకెట్లు కత్తిరించే చేతులకు అదో లెక్కా! పాత పేపర్లతో ముందు నమూనాలు కత్తిరించుకున్నాం కనుక ఒక్క అడుగు షీటు కూడా వృథా కాలేదు.

ఫలితం ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఫోనులో శబ్దం కొలిచే యాప్ పెట్టి, పని మొదలుపెట్టక ముందు, అయ్యాక, ఒకే రోడ్డు మీద ఒకే వేగంతో, అద్దాలు మూసి చూశాం. ఫోను కొలత కచ్చితం కాదనుకోండి, తేడా తెలుసుకోవడానికి పనికొస్తుంది. అయిదు డెసిబెల్స్ తగ్గింది. పైకప్పు అట్ట మీద చెయ్యి పెడితే ఇదివరకటిలా చురుక్కుమనడం లేదు. అయితే పగలు అద్దాలు దించక తప్పదు, దించితే రోడ్డు చప్పుడు లోపలికి రాక తప్పదు. అందుకని ఇప్పుడు కుడి అద్దం సగమే దించి, ఎడమ అద్దం పూర్తిగా దించుతున్నాడు. గాలి వస్తుంది, కుడి చెవి పక్కన హోరు తగ్గుతుంది. వెనక నుంచి వచ్చే హారన్, అంబులెన్సు సైరను మాత్రం వినపడాలి, అందుకే పాటలు పెద్దగా పెట్టొద్దని ఒట్టు వేయించుకుంది మా తోడికోడలు.

ఇంకో పని కూడా చేయించాం. చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి పరీక్ష చేయించాం. కుడి చెవిలో వినికిడి కొంత తగ్గిందనీ, అది తిరిగి రాదనీ, ఉన్నది కాపాడుకోమనీ చెప్పారు. ఆ మాట విన్న రోజు మా మరిది వేళాకోళాలు ఆగిపోయాయి. ఇంటికొచ్చి, "ఈ అయిదు వేలూ బండి కొన్న రోజునే పెట్టి ఉంటే బాగుండేది వదినా" అన్నాడు. మా తోడికోడలు మాత్రం ఏమీ అనలేదు. పిల్లని పిలిచి, "నాన్నని పిలిచేటప్పుడు ఎడమ పక్కకి వచ్చి పిలవాలమ్మా" అని చెప్పింది.

అందుకే అడుగుతున్నాను. మీ ఇంట్లో బండి నడిపే మనిషి ఉంటే, భర్త కావచ్చు, కొడుకు కావచ్చు, తమ్ముడు కావచ్చు, ఈ వారం ఒక్కరోజు మధ్యాహ్నం పూట ఆ సీట్లో పక్కన కూర్చుని ఓ అరగంట వెళ్ళి రండి. ఏం చెయ్యాలో మీ చెవులూ, మీ పాదాలే చెబుతాయి. టీవీ చప్పుడు పెంచమంటున్నా, పిలిస్తే పలకకపోయినా, విసుక్కోకండి. వినపడటం లేదేమో, ముందు అది కనుక్కోండి.

వచ్చేవారం మళ్ళీ వంటింట్లోకే వద్దాం. ఆవకాయ జాడీలు కడిగి ఆరబెట్టే విధానం, మూతకు వాసెన కట్టే పద్ధతి చెప్పుకుందాం. మూత బాగుంటేనే లోపలిది బాగుంటుందని ఇవాళ ఎలాగూ అనుకున్నాం కదా!